వేన్నీళ్ళకు ఎంత వేడి చాలును?

పుష్యమాసమున తెల్లవారుజామున బాసర గోదావరి రేవున నిలిచి చూచినవారికి చలి యననేమో వేరుగ చెప్పనక్కరలేదు. నదిమీద మంచు పొగవలె కదలుచుండును. బిడ్డలకు అక్షరాభ్యాసము చేయింప దూరప్రాంతములనుండి వచ్చిన తలిదండ్రులు వేన్నీళ్ళు ఎక్కడ దొరకునా యని విచారించుచుందురు. 2016వ సంవత్సరమువరకు ఆదిలాబాదు జిల్లాలోను, అటుపిమ్మట నిర్మల్ జిల్లాలోను చేరియున్న ఈ ప్రాంతమున శీతకాలపు రాత్రులలో ఉష్ణమానము కొన్ని దినములలో 10 డిగ్రీల సెంటిగ్రేడుకంటె దిగువకు పడుచుండును. అట్టి ఉదయమున బడికి బయలుదేరవలసిన పిల్లవానికి ఒక బక్కెట్టు వేన్నీళ్ళు గొప్ప భాగ్యమే.

పూర్వము ఇంటి పెరటిలో మూడు రాళ్ళపై కాగు పెట్టి కట్టెలతో నీళ్ళు కాచుకొనెడివారు. పిమ్మట కొందరి ఇండ్లలోనికి నడుమ పొగగొట్టము గల రాగి బాయిలరు వచ్చినది. ఇప్పుడు విద్యుత్తుతో పనిచేయు గీజరులు, సిలిండరు గ్యాసుతో పనిచేయు గీజరులు పల్లెలలోనికి సహా వచ్చియున్నవి. సాధనము మారినది గాని, దానిని ఎంత వేడికి నిలుపవలెనను ఆలోచన మాత్రము మనలో పెరుగలేదు. ఈ వ్యాసమున ఆ సంగతినే విద్యార్థులకును వారి తలిదండ్రులకును విశదపరుపదలచితిమి.

గడచిన శీతకాలమున తలిదండ్రుల సమావేశము ముగిసినపిమ్మట ఒక తల్లి మాయొద్దకు వచ్చి, "సారూ, నాబు పూర్తిగ పైకి తిప్పితె నీళ్ళు జల్ది కాగుతయని మా ఇంట్ల అందరం అట్లనే పెడుతున్నం. కరెంటు బిల్లు జూస్తె గుండె గుబేలుమంటున్నది. తప్పు ఏడున్నదో మీరే చెప్పాలె" అని యడిగెను. "అమ్మా, నాబు ఎంత తిప్పినా నీళ్ళు జల్ది కాగవు, ఎక్కువసేపు కాగుతయి, అంతే" అని మేము బదులు చెప్పితిమి. ఆమె ఆశ్చర్యపడెను. ఆమెకు చెప్పిన సమాధానమునే ఇచట కొంత వివరముగా వ్రాయుచున్నాము.

నాబు చేయు పని యేమి?

గీజరులోని నాబు థర్మోస్టాటు అను పరికరమునకు చేరియుండును. వేడి తగిలినప్పుడు లోహములును ద్రవములును వ్యాకోచించును గదా. ఆ వ్యాకోచమే థర్మోస్టాటులో విద్యుత్తును తెంచివేయును. నీరు చల్లారగనే మరల కలుపును. నాబు తిప్పుటవలన మనము నిర్ణయించునది ఆ తెంపు ఎన్ని డిగ్రీలవద్ద జరుగవలెనను సంగతి మాత్రమే. లోపలి తీగచుట్ట శక్తి మారదు. 2 కిలోవాట్ల తీగచుట్ట నాబు 50 డిగ్రీలవద్ద నున్నను 2 కిలోవాట్లే యిచ్చును. 75 డిగ్రీలవద్ద నున్నను అంతే యిచ్చును. కావున నీరు 40 డిగ్రీలకు చేరుటకు రెండు సందర్భములలోను ఒకే కాలము పట్టును. నాబు పైకి తిప్పినవాడు త్వరగా స్నానము చేయడు. అక్కరలేని వేడికి మాత్రము సొమ్ము చెల్లించును.

వేడియు, ఉష్ణమానమును ఒకటి కావు

ఈ రెంటికిని గల భేదమును 1760 ప్రాంతమున స్కాట్లండు దేశీయుడగు జోసెఫ్ బ్లాక్ స్పష్టముగా చూపెను. ఒక గ్లాసెడు నీరును, ఒక కాగెడు నీరును ఒకే ఉష్ణమానమున ఉండవచ్చును. అయినను కాగులోని నీటియందు వేడి అనేకరెట్లు అధికము. ఒక లీటరు నీటిని ఒక డిగ్రీ పెంచుటకు ఒక కిలోకాలరీ వేడి కావలెను. విద్యుత్తు లెక్కలో ఒక యూనిటు 860 కిలోకాలరీలకు సమానము. ఈ రెండు అంకెలు జ్ఞప్తియందున్నచో లెక్కయంతయు మన చేతిలోనిదే.

మన బక్కెట్టు 20 లీటర్లు పట్టుననుకొందము. చలికాలపు ఉదయమున తొట్టిలోని నీరు 18 డిగ్రీలు, స్నానమునకు ఒంటికి హితమైన నీరు 40 డిగ్రీలు. భేదము 22 డిగ్రీలు. 20ని 22చే హెచ్చింపగా 440 కిలోకాలరీలు. ఇది ఇంచుమించు అర యూనిటు. అనగా ఒకరి స్నానమునకు నిజముగా కావలసినది అర యూనిటు మాత్రమే. అంతకు మించి ఖర్చగునదంతయు ఎక్కడనో జారిపోవుచున్నదని గ్రహింపవలెను.

ఆ జారిపోవుట యెట్లు జరుగును? వేడివస్తువు తన చుట్టునున్న గాలికంటె ఎంత యెక్కువ వేడిగా నుండునో, దాదాపు అంత వేగముగా వేడిని పోగొట్టుకొనునని 1701లో న్యూటను ప్రకటించెను. స్నానపుగది 18 డిగ్రీలు, గీజరులోని నీరు 60 డిగ్రీలు అయినచో భేదము 42. అదే నీరు 75 డిగ్రీలయినచో భేదము 57. అనగా నష్టము సుమారు మూడవవంతు పెరుగును. నాబును 50కి దించినచో భేదము 32 మాత్రమే. 60 డిగ్రీలవద్ద కలుగు నష్టములో నాలుగవవంతు తగ్గును. గీజరుపై అంటించు నక్షత్రముల చీటీ చూచియుందురు. 2002లో ఏర్పడిన భారత ప్రభుత్వపు ఇంధన సామర్థ్య సంస్థ వారి విధానము ననుసరించి అంటించు చీటీ యది. నిలువ గీజరులకు నక్షత్రముల నిచ్చుటలో, నీరు ఊరక నిలిచియున్నప్పుడు ఎంత వేడి పోవుచున్నదో చూచెదరు. నక్షత్రములు హెచ్చినకొలది పైకవచము శ్రేష్ఠమని యర్థము.

ఎందరు స్నానము చేయుదురు?

అయితే నాబును ఎంత దించిన అంత మేలని తొందరపడి చెప్పరాదు. 25 లీటర్ల గీజరును తీసికొందము. దానిని 75 డిగ్రీలకు కాచి చన్నీళ్ళు కలిపినచో 40 డిగ్రీల నీరు ఇంచుమించు 65 లీటర్లు, అనగా మూడు బక్కెట్లకు పైగా లభించును. 60 డిగ్రీలకు కాచినచో 48 లీటర్లు. 55 డిగ్రీలకు కాచినచో 42 లీటర్లు. 50 డిగ్రీలకు కాచినచో 36 లీటర్లు. ఒక్కరే స్నానము చేయు ఇంట 75 డిగ్రీలకు కాచుట, ఒక్కనికై ముగ్గురి వంట చేసి మిగిలినది పారవేయుటవంటిది. ఇద్దరికి 55 డిగ్రీలు చాలును. మరి ముగ్గురున్నచో? ఒకరివెనుక ఒకరు ఆలసింపక స్నానము చేసినచో 60 డిగ్రీలే చాలును. ఏలయనగా మొదటివారు స్నానము చేయు పది నిమిషములలో 2 కిలోవాట్ల తీగచుట్ట మరి 287 కిలోకాలరీల నిచ్చును. అది అర బక్కెట్టునకు మించిన స్నానపు నీరు. కావున పెద్ద కుటుంబమునకు కావలసినది నాబును పైకి తిప్పుట కాదు, స్నానములను వరుసగా ముగించుట. ఉదయము ఆరింటికి ఒకరు, ఎనిమిదింటికి మరియొకరు, పదింటికి ఇంకొకరు చేసినచో నడుమ నున్న గంటలన్నియు నష్టపు గంటలే.

గ్యాసు గీజరు సంగతి

గ్యాసు గీజరులలో పెక్కింటికి నిలువ తొట్టి యుండదు. నల్లా విప్పగనే మంట వెలిగి, గొట్టములో పారుచున్న నీటిని అప్పటికప్పుడే కాచును. కావున నిలువయుండుటవలని నష్టము దీనికి లేదు. ఇందు రెండు నాబులుండును: ఒకటి మంటను, మరియొకటి నీటిధారను హెచ్చించి తగ్గించుటకు. మంటను పెద్దది చేసి, మరుగు నీరు పట్టి, దానిలో చన్నీళ్ళు కలుపుకొనుట మనవారి అలవాటు. దానికంటె నీరు 40 లేక 42 డిగ్రీలతో వచ్చునట్లు మంటను సరిపరచి, చన్నీళ్ళు కలుపకయే వాడుకొనుట మేలు. అట్లు చేసినచో గొట్టములలో పోవు వేడియు, పొగతో పోవు వేడియు తగ్గును.

సిలిండరులో 14.2 కిలోల గ్యాసుండును. కిలో గ్యాసు మండినచో సుమారు 11,000 కిలోకాలరీలు పుట్టును. అందు అయిదింట నాలుగు వంతులు నీటికి చేరుననుకొన్నచో, ఒక బక్కెట్టు స్నానపు నీటికి 50 గ్రాముల గ్యాసు పట్టును. అనగా ఒక సిలిండరు సుమారు 280 బక్కెట్లకు వచ్చును. మీ ఇంట అంతకు మిక్కిలి తక్కువ వచ్చుచున్నచో, మంటయో, అలవాటో, గొట్టమో సరిచూచుకొనవలెను.

ఇచట ఒక హెచ్చరిక వ్రాయకుండుట పాపము. గ్యాసు మండుటకు ప్రాణవాయువు కావలెను. తలుపు, కిటికీ మూసిన చిన్న స్నానపుగదిలో గ్యాసు గీజరు మండినచో ప్రాణవాయువు తరిగి, మంట సరిగా మండక, కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. అది రక్తములోని ఎఱ్ఱని పదార్థమును ప్రాణవాయువుకంటె 200 రెట్లకు మించిన పట్టుదలతో అంటిపెట్టుకొనును. తలనొప్పి, తలతిరుగుట కలిగి, మనుష్యుడు కేక వేయకయే పడిపోవును. కావున గ్యాసు గీజరును స్నానపుగదికి వెలుపల, గాలి యాడు చోట అమర్పవలెను. పొదుపు మాట యటుంచి, ఈ యొక్క సంగతిని ప్రతి కుటుంబమును నేడే సరిచూచుకొనవలెనని ప్రార్థించుచున్నాము.

కాలిన పాదము

నాబు పైకి నిలుపుటవలని నష్టము బిల్లుతో ముగియదు. కొన్ని సంవత్సరముల క్రిందట మా యింట జరిగినదానిని సిగ్గువిడిచి వ్రాయుచున్నాము. సంక్రాంతి సెలవులలో చుట్టములు వచ్చిరని గీజరు నాబును చివరివరకు తిప్పితిమి. వారు వెళ్ళినపిమ్మట దానిని దించుట మరచితిమి. నాలుగేండ్ల మా చిన్న కుమార్తె తానే పెద్దదాననని ఒంటరిగా నల్లా విప్పుకొనెను. ఒక్క క్షణములో పాదము బొబ్బలెక్కెను. మాన్పుటకు మూడు వారములు పట్టినది. శాస్త్రపాఠము చెప్పు ఉపాధ్యాయుని ఇంటనే ఇట్లు జరిగినదను బాధ మమ్మును నేటికిని విడువలేదు.

1947లో అమెరికాలో మోరిట్జ్, హెన్రిక్వెజ్ అను శాస్త్రజ్ఞులు ఎంత వేడినీరు ఎంతసేపటిలో చర్మమును కాల్చునో పరిశోధించి ప్రకటించిరి. 49 డిగ్రీల నీటికి కొన్ని నిమిషములు పట్టును. 60 డిగ్రీల నీటికి సుమారు అయిదు సెకండ్లు చాలును. 70 డిగ్రీలు దాటినచో చేయి వెనుకకు తీసికొనునంతటి వ్యవధియు ఉండదు. పిల్లల చర్మమును వృద్ధుల చర్మమును పలుచనివి గనుక ఇంకను త్వరగా కాలును. అందువలన బక్కెట్టులో ఎప్పుడును ముందు చన్నీళ్ళు, తరువాత వేన్నీళ్ళు పోయవలెను. ఒకవేళ కాలినచో ఇరువది నిమిషములసేపు చల్లని పారు నీటిక్రింద నుంచి వైద్యునియొద్దకు తీసికొనిపోవలెను. సిరా, పేస్టు, పసుపు పూయరాదు.

మరి మిక్కిలి తగ్గించినచో?

దీనికిని ఒక హద్దు గలదు. 20 మొదలు 45 డిగ్రీలవరకు గల గోరువెచ్చని నిలువనీటిలో లెజియొనెల్లా అను సూక్ష్మజీవి పెరుగును. 1976లో అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమున ఒక సభకు వచ్చినవారిలో అనేకులు తెలియని న్యూమోనియాతో పడిపోగా, మరుసటి సంవత్సరము ఈ జీవి కనుగొనబడెను. 60 డిగ్రీల నీటిలో అది నిమిషములలో నశించును. కావున నీరు ఎల్లప్పుడు నిలువయుండు గీజరును 60 డిగ్రీలవద్ద నిలుపుటయు, నల్లావద్ద చన్నీళ్ళు కలుపుటయు క్షేమము. ఇద్దరికి చాలునని 55కు దించుకొన్నవారు వారమున కొకమారైనను 60కి కాచి వాడుకొనవలెను. సెలవులకు ఊరు వెళ్ళి వచ్చినవారు మొదట 60 డిగ్రీలకు కాచి, ఆ నీటిని కొంత పారవిడిచి, పిమ్మట వాడుకొనవలెను.

60 దాటనీయకుండుటకు ఇంకొక కారణము మన బోరునీరే. సున్నము గల నీటిని కాచినచో అది తెల్లని పెచ్చుగా తీగచుట్టపై పేరును. వేడి హెచ్చినకొలది ఈ పేరుట అధికమగును. పెచ్చు కట్టిన తీగచుట్ట దుప్పటి కప్పుకొన్నవానివలె తన వేడిని నీటికి ఇయ్యజాలక, తుదకు తానే మాడిపోవును.

చలిదేశముల బాయిలరు

మన ప్రాంతమునుండి వెళ్ళి ఇంగ్లండులో కాపురమున్నవారి ఇండ్లలో గ్యాసు బాయిలరు స్నానమునకే గాక, ఇల్లంతయు వెచ్చగా నుంచుటకును పనిచేయును. కాగిన నీరు గోడలకు అమర్చిన ఇనుపపలకలలో తిరిగి బాయిలరునకు మరలివచ్చును. అచ్చట 2005 మొదలు క్రొత్తగా అమర్చు బాయిలర్లు చాలవరకు కండెన్సింగు అను రకమునకు చెందినవి. గ్యాసు మండినప్పుడు నీటి ఆవిరి పుట్టును. పుట్టిన మొత్తము వేడిలో సుమారు పదవవంతు ఈ ఆవిరిలోనే దాగియుండును. మరలివచ్చు నీరు సుమారు 55 డిగ్రీలకు లోబడి చల్లగా నున్నప్పుడే ఆవిరి మరల నీరుగా మారి ఆ దాగిన వేడిని అప్పగించును. నాబును 80 డిగ్రీలవద్ద నుంచినచో, మరలివచ్చు నీరును మిక్కిలి వేడిగానే యుండును గనుక ఆ పదవవంతు గొట్టముగుండ ఆకాశమున కలియును. అందుచేతనే 2022 డిసెంబరులో బ్రిటిషు ప్రభుత్వము నిలువ తొట్టి లేని బాయిలర్లు గల ప్రజలకు పలకలలోనికి పోవు నీటి వేడిని 75నుండి 60 డిగ్రీలకు తగ్గించుకొనుడని సలహా యిచ్చెను. నిలువ తొట్టి గలవారు మాత్రము ఆ తొట్టిలోని నీరు 60 డిగ్రీలకు చేరునట్లు చూచుకొనవలెను. ఇల్లు వెచ్చబడుటకు కొంత ఆలస్యమగును. అయినను గ్యాసు మిగులును.

కాగు వాడువారికి

గీజరు లేనివారు ఈ వ్యాసము తమకు గాదనుకొనవలదు. దాగిన వేడి పాఠము కాగునకును వర్తించును. మరుగుచున్న నీటిలో ఒక లీటరు ఆవిరిగా పోయినచో 540 కిలోకాలరీలు పోవును. ఒక బక్కెట్టు స్నానపు నీటికి 440 చాలునని పైన లెక్క చూచితిమి. అనగా మూత లేక సలసల కాగు కాగునుండి ఒక లీటరు ఆవిరియైనచో ఒకరి స్నానపు వేడికంటె ఎక్కువ గాలిపాలైనది. అడవికి పోయి కట్టెలు మోసికొని వచ్చిన తల్లి శ్రమ అంతయు ఆ ఆవిరిలో పోయినట్లే గదా. కావున కాగునకు మూత పెట్టుడు. నీరు మరుగకముందే మంట తీయుడు. మసి పేరిన అడుగును తోముడు.

విద్యార్థులకు ఒక పని

అనేక గీజరుల నాబుపై అంకెలుండవు. గీతలు మాత్రమే యుండును. మీ ఇంటి గీజరు ఎంత వేడినిచ్చునో మీరే కనుగొనవచ్చును. పెద్దలను దగ్గర నుంచుకొని, గీజరు దీపము ఆరినపిమ్మట మొదట వచ్చు నీటిని స్టీలు గ్లాసులో పట్టి, ప్రయోగశాల ఉష్ణమాపకమును అందుంచి చూడుడు. జ్వరము చూచు మాపకమును మాత్రము ముంచవలదు. అది 42 డిగ్రీలు దాటిన వేడికి పనికిరాదు, గాజుదైనచో పగులును. అంకె 60కి మించియున్నచో నాబును కొంత దించి, మరునాడు మరల చూడుడు. సరియైన చోట ఒక చుక్క రంగు పెట్టుడు. నాబు వెలుపల లేని గీజరైనచో కప్పు విప్పుటకు మీరు పూనుకొనక విద్యుత్తు పని తెలిసినవానిని పిలిపింపుడు. నెలకొకసారి బిల్లులోని యూనిటులను పుస్తకమున వ్రాసి, చలికాలము ముగియువరకు పోల్చి చూడుడు.

మా యింట ఆ ఎఱ్ఱచుక్క 60 డిగ్రీలవద్ద నున్నది. దానిని పెట్టినది మా చిన్న కుమార్తెయే. ఇప్పుడు ఆమె ఉన్నతపాఠశాలలో చదువుచున్నది. చుట్టములు వచ్చి నాబు తిప్పబోయినచో, "వరుసగా చేయండి, నీళ్ళు అందరికీ చాలుతయి" అని తానే నిలిచి చెప్పుచుండును. మాకు ఇంతకంటె కావలసినదేమి? చదువరులారా, మీ ఇంటి నాబును ఈ సాయంకాలమే ఒక్కసారి చూడుడు.